సదస్సు వద్దు, వీధి మాట రికార్డు చేయండి

ప్రశ్న: చెన్నైలో మా కాలేజీ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు ఏఐ పరిశోధనను దగ్గర చేయాలనుకుంటున్నాం. అవగాహన సదస్సు ఎలా పెట్టాలి?

పెట్టకండి. ప్రొజెక్టరూ, ఇంగ్లీషు బ్యానరూ, చివర్లో ఎవరికీ అక్కరలేని సర్టిఫికెట్టూ. వచ్చినవాళ్ళకి గుర్తుండేది సమోసా ఒక్కటే. ఆ డబ్బుతో ఓ నలభై మంది మాట రికార్డు చేయండి. తరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళ మాట, మాట విని రాసిపెట్టే ఏఐ మోడల్‌కి, అంటే వార్తల తెలుగు విని నేర్చుకున్న యంత్రానికి, సరిగ్గా అందదు. ఆ మాట దానికి నేర్పే పనిలో వాళ్ళనే చెయ్యి కలపనిస్తే వేరే ప్రచారం అక్కర్లేదు.

వాక్యాలు అచ్చేసి చదవమని మాత్రం ఇవ్వకండి. ఈ ఇళ్ళల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. బళ్ళో చదివింది తమిళం. చదవగలిగినవాళ్ళు వార్తలు చదివినట్టు చదువుతారు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ పరిశోధన బృందం 22 భాషల్లో ఇండిక్‌వాయిసెస్ పేరుతో మొదట బయటపెట్టిన 7,348 గంటల రికార్డింగుల్లో చదివించింది 9 శాతమే. 74 శాతం జనం అప్పటికప్పుడు చెప్పిన మాటలు, మిగతాది సంభాషణ.

రికార్డింగ్‌కి కల్యాణమండపం పనికిరాదు. ఫ్యాన్లు ఆపితే చెన్నై ఉక్కకి ఎవరూ కూర్చోరు, ఆపకపోతే ప్రతి ఫైల్లోనూ ఆ హోరే. ఇంటికే వెళ్ళండి, పొద్దున్నే, వంట మొదలయ్యేలోపు. కుక్కర్ విజిల్ పడిందంటే ఆ ముక్క పోయినట్టే. పరుపులు, చీరల బీరువా ఉన్న గది మంచిది, గొంతు గోడలకి కొట్టుకుని తిరిగి రాదు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, నోటికి జానెడు దూరంలో ఉంచండి. చేతికిస్తే వేళ్ళ రాపిడి వినిపిస్తుంది. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో ఇవి ఎంచుకోండి, 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో, వేవ్ ఫైలు: గంటకి 115 ఎంబీ అవుతుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపించుకోవద్దు, అది కుదించేస్తుంది. ఫోన్‌లో శబ్దాలు తగ్గించే సెట్టింగు ఉంటే ఆపేయండి, మాట మొదట్లో అక్షరాలు మింగుతుంది.

రికార్డు చేసే మీ కాలేజీ కుర్రాళ్ళు 'మీ అభిప్రాయం తెలియజేయండి' అన్నారో, అవతలివాళ్ళు కూడా టీవీ తెలుగులోకి దూకేస్తారు. అత్తాకోడళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, కోయంబేడు మార్కెట్లో టమాటా ఎంతుందని అడిగి పక్కకి తప్పుకోండి. మొదటి పది నిమిషాలు బిగుసుకునే ఉంటారు, ఆపకండి.

అనుమతి పత్రం సంగతి. 2023 డేటా రక్షణ చట్టం దాన్ని ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లోగానీ ఎంచుకునే వీలివ్వాలంటుంది. అచ్చ తెలుగులో అచ్చేసినా చదవలేనివాళ్ళకి ఏం లాభం? చదివి వినిపించి, 'సరే' అన్నది కూడా రికార్డు చేయండి. పేరు బదులు నంబరు రాసి, ఆ నంబరు చీటీ వాళ్ళకివ్వండి. రేపు వద్దంటే ఏ ఫైలు తీసేయాలో తెలుస్తుంది. మోడల్ నేర్చేసుకున్నాక ఒక్క గొంతుని విడదీయలేరని ముందే చెప్పండి. డబ్బు అదే రోజు, చేతికి. యూపీఐ అంటే పెద్దావిడ మాటకి డబ్బు కొడుకు ఫోన్లోకి పోతుంది.

అసలు చాకిరీ రికార్డు చేసిన మాటని విని రాయడంలో ఉంది. గంట ఆడియోకి ఆరేడు గంటలు పడుతుంది. ఆవిడ 'ఉండాది' అంటే కుర్రాడు 'ఉంది' అని దిద్దుతాడు, దేనికోసం ఇంత శ్రమపడ్డారో అదే పోతుంది. విన్నట్టే రాయించండి, తమిళ మాటలతో సహా. తర్వాత మౌనం ఉన్నచోట కోసి, ఒక్కో ముక్క 30 సెకన్లు దాటకుండా చూడండి, మాటని రాతగా మార్చే విస్పర్ స్మాల్ లాంటి మోడల్ ఒకసారికి అంతే వింటుంది.

నలభై మందిలో ఎనిమిది మందిని పూర్తిగా పరీక్షకే ఉంచి, మిగతావాళ్ళ మాటతో మోడల్‌కి నేర్పండి. ఒకే మనిషి గొంతు నేర్పేదాంట్లోనూ పరీక్షలోనూ ఉంటే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, పక్క వీధిలో తుస్సుమంటుంది. తప్పుల్ని మాటల లెక్కన మాత్రమే కొలవకండి: 'వచ్చేశాడంట'ని యంత్రం 'వచ్చేశాడు అంట' అని విడదీసి రాస్తే ఒక్క మాటకి రెండు తప్పులు పడతాయి. అక్షరాల లెక్క కూడా వేయండి.

రెండు నెలల్లో అదే ఇళ్ళకి లాప్‌టాప్‌లో మోడల్ పట్టుకెళ్ళండి. అది తప్పు విన్నచోట ఆ అత్తగారే నవ్వుతూ దిద్దుతుంది. ఆ దిద్దుబాట్లు కూడా రికార్డు చేయండి, దానికి అనుమతి మళ్ళీ అడిగి.