బుజ్జీ, కొత్త పూతని చూసి గోడని నమ్మకు

బుజ్జీ,

వైజాగ్ వన్‌టౌన్‌లో పాత సున్నం ఇళ్ళు ఎంత గట్టిగా ఉన్నాయో చూసే పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, వెంటనే అంత భయమూ వేసింది, నిద్ర పట్టక ఇది టైప్ చేస్తున్నా.

ఫోటోలు, కొలతలు, తర్వాత పైన అంతస్తు లేపారా లేదా, ఇవన్నీ నీకు తెలిసినవే. పగులు మీద గాజుముక్క అతికించి డేట్ వేసి వదిలెయ్, అది విరిగిందంటే గోడ ఇంకా కదుల్తున్నట్టే. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా పగులు దిగితే ముందు పునాది పక్కన డ్రైనేజీ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడు.

అసలు సంగతి ఇది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను పోయాక ఒకాయన సున్నం పూత రాలిందని మొత్తం గీకించి సిమెంట్ ప్లాస్టరింగ్, పైన ఆయిల్ పెయింట్ వేయించాడు. చూడ్డానికి కొత్తిల్లే. చెక్ చేయడానికొచ్చిన ఇంజనీరు కూడా పగుళ్ళేం లేవుగా అని బాగుందని రాసిచ్చేశాడు. డంగు సున్నం, అంటే ఇసుక కలిపి గానుగలో రుబ్బిన సున్నంతో కట్టిన గోడ తడి పీలుస్తుంది, మళ్ళీ బయటికి వదిలేస్తుంది, సిమెంట్‌తో మూసేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది, పైగా మనది సముద్రపు గాలి, ఉప్పు ఇటుకలోకి దిగి పొరలు పొరలుగా రాల్చేస్తుంది. గోడలోకి దిగిన టేకు దూలాల కొసలు ఆ తడిలో నానీ నానీ పుచ్చిపోయాయి. కొన్ని వానాకాలాలు గడిచాక ఓ మధ్యాహ్నం ముందుగది డాబా కూలిపోయింది, అందరూ వంటింట్లో ఉన్నారు కాబట్టి బతికారు. దూలం మధ్యలో రాయిలా గట్టిగానే ఉంది తల్లీ, గోడలో ఉన్న జానెడు ముక్క మాత్రం నా చేతిలో పొడైపోయింది.

అందుకని గోడ ఎంత నున్నగా ఉన్నా చిన్న సుత్తితో కొట్టి విను, డొల్లగా మోగిన చోట ఓనరు మొహం మాడ్చుకున్నా సరే ప్లాస్టర్ ఊడగొట్టించు. ప్రతి దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్ గుచ్చి చూడు, వాన నీళ్ళ తూము కింద ఉన్నదానితో మొదలెట్టు.

కురుపాం మార్కెట్‌కి తీసుకెళ్తే నా చెయ్యి వదిలించుకుని కనబడ్డ అరుగల్లా ఎక్కేదానివి, ఎన్ని తిట్లు తిన్నావో! ఇప్పుడు పిట్టగోడకి ఆనుకుని ఫోటోలు తీశావో ఊరుకోను. గాలివానకి ముందు పడేది అదే. ఒంటరిగా మాత్రం వెళ్ళకు, డాబా కింద సరుగుడు బాదులతో ఊతం పెట్టించాకే లోపలికెళ్ళు.

ఖాళీ చెయ్యమంటే లోపలున్నవాళ్ళు ఏడుస్తారు, నీ మనసు మెత్తన, పోనీలే అని బాగుందని రాసెయ్యకు. వాళ్ళకి అద్దె ఇల్లు దొరికేదాకా మనమే వెతుకుదాం. ఆదివారం పొద్దున్నే వస్తా, పెద్ద టార్చిలైట్ నేను తెస్తాలే, నువ్వు బూట్లేసుకుని రా.

మీ మావయ్య