పడవ మోటారు వేడెక్కుతోందా?

ప్రశ్న: పులికాట్‌లో తిరిగే మా ఫైబర్ పడవకు 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు ఉంది. పావుగంటకే వేడెక్కి ఆగిపోతోంది. వెనక నుంచి చిమ్మే నీటి ధార సన్నబడింది. పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలి?
– ఓ పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: ధార సన్నబడిందంటే ఇంజిన్‌కు నీళ్లు చాలడం లేదు. ఇంకా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. ముందు ధార వచ్చే రంధ్రంలో సన్న తీగ పెట్టి చూడండి; చాలాసార్లు అడ్డం బురదే. అయినా మారకపోతే కింది గేర్ భాగం విప్పి, పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) చూడండి. రెక్కలు బిరుసెక్కినా, ఒరిగిపోయినా మార్చాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు షాఫ్టును గడియారం ముల్లు దిశలో తిప్పుతూ పంపు మూతను దించండి. లేకుంటే రెక్కలు ఎదురు మడతపడతాయి. పాత గాస్కెట్ మళ్లీ వాడొద్దు.

పులికాట్ లోతు తక్కువ, నీరు ఉప్పు. తిరిగొచ్చాక మోటారును మంచినీళ్ల డ్రమ్ములో ముంచి, న్యూట్రల్‌లో పది నిమిషాలు నడపండి. నీళ్లు లేకుండా మాత్రం క్షణం కూడా వద్దు.

ఆయిల్ 50:1 అని మాన్యువల్లో ఉంటే లీటరుకు 20 మి.లీ. నీటితో చల్లబడే టూ స్ట్రోక్ పడవ మోటార్ల కోసం చేసే టీసీ-డబ్ల్యూ3 రకమే కొనండి, బైకు ఆయిల్ పనికిరాదు.