ఆకు రాలే వేళ కుక్కతో కొండకు

ప్రశ్న: మాది వింజమూరు. ఫిబ్రవరిలో ఆకు రాలేటప్పుడు 28 కిలోల మా లాబ్రడార్‌ను ఉదయగిరి కొండకు తీసుకెళ్లి, సాయంత్రం దాకా ఉండాలనుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: సాయంత్రం దాకా వద్దు. తెల్లవారుతూనే ఎక్కి పదిన్నరలోపు దిగిపోండి. ఆకు రాలాక నీడ ఉండదు, బండ కాలుతుంది. చేతి వెనకభాగం 7 సెకన్లు ఆనించలేని బండ మీద కుక్కను నడిపించకండి. దానికోసమే 3 లీటర్ల నీళ్లు మోయండి. ఇరవై నిమిషాలకోసారి కొద్దికొద్దిగా పట్టండి. నాలుక ముదురు ఎరుపెక్కి తూలుతుంటే పొట్ట, తొడల మీద నీళ్లు పోస్తూ గాలి విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే ఒంట్లో వేడి బయటికి పోదు.

అసలు భయం ఎండుటాకుల్లో ఉండే రక్తపింజరతో. దాని రంగు ఆకుల్లో కలిసిపోతుంది, అలికిడికి కదలదు. కుక్క వాసన చూడబోతే కాటు మూతి మీదే పడుతుంది. అందుకే ఆరడుగుల తాడు విప్పొద్దు, బాట దిగనివ్వొద్దు. కరిస్తే కట్టు కట్టకండి, కోయకండి. నడిపించకుండా దుప్పటిలో వేసి ఇద్దరు మోసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఆ దుప్పటి తప్పక వెంట ఉండాలి.

ఇంటికొచ్చాక చెవులు, వేళ్ల సందులు వెతికి పిడుదులను పట్టకారుతో నిటారుగా లాగేయండి. రెండు మూడు వారాల్లో జ్వరమొచ్చి తిండి మానేస్తే అది పిడుదులు అంటించిన జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.