ఫోల్డింగ్ సైకిల్‌కి పొడవాటి సీట్ పోస్ట్: కొనేముందు వర్నియర్ పెట్టి కొలవండి

మీ ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, సీటుని దాని కింది గొట్టం (సీట్ పోస్ట్) మీదుండే హద్దు గీత దాకా లేపినా మోకాళ్లు బాగా వంగుతున్నాయి, పైగా తొక్కుతుంటే సీటు మెల్లగా కిందికి దిగిపోతోంది, పొడవాటి సీట్ పోస్ట్ వేస్తే సరిపోతుందా అని అడిగారు. రెండూ నేను పడ్డవే. కానీ అవి వేర్వేరు జబ్బులండీ.

దిగిపోవడానికి కొత్త పోస్ట్ అక్కర్లేదు. పోస్ట్ బయటికి లాగి, దాన్నీ ఫ్రేమ్ గొట్టం లోపలినీ పొడిగుడ్డతో తుడవండి. మా విశాఖ బీచ్ రోడ్‌లో తిరిగే సైకిలైతే గుడ్డకి ఇసుక, నల్లటి జిడ్డు అంటుకుని వస్తాయి. తర్వాత పోస్ట్‌ని పట్టి ఉంచే క్లాంప్ నట్టు పావు చుట్టు బిగించి లివర్ మూయండి. సగంలోనే గట్టిపడాలి, పూర్తిగా మూశాక అరచేతిలో దాని అచ్చు కనపడాలి. రోజూ ఎక్కించి దించే పోస్ట్‌కి గ్రీజు మాత్రం పూయకండి. సీటు జారుతుంది, ప్యాంటూ పాడవుతుంది.

ఇక ఎత్తు సంగతి. నేను గీత దాటించి రెండు వేళ్ల మేర పైకి లేపి తొక్కాను. పాండురంగాపురం డౌన్‌లో (పేరుకే డౌన్, బీచ్ నుంచి ఇంటికొచ్చేవాడికి అది ఎక్కుడే) కిర్రుమని చప్పుడొచ్చింది. దిగి చూస్తే గొట్టం మూతి దగ్గర పెయింట్ సన్నగా చిట్లింది. పొడుగ్గా లేచిన పోస్ట్ గడ్డపారలా ఆ మూతిని మీటుతుంది. లోపల తగినంత పొడవు లేకపోతే బలమంతా అంచు మీదే. ఆ గీత ఉన్నది అందుకే.

భయపడి అదే రాత్రి, సైజు చూడకుండా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. మామూలు గేర్ సైకిళ్లకి వాడే 31.6 మిల్లీమీటర్లది. గొట్టంలో గంట నాలుకలా ఆడింది. పొడవూ 400 మిల్లీమీటర్లే, నా పాతదే 550. ఆటోనగర్‌లో లేత్ షాపాయన వర్నియర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పరికరం) పాతదాన్ని కొలిచి 33.9 అన్నాడు. సందు పూడ్చడానికి స్లీవ్ (తొడుగు) చేయమంటే, "చేస్తాను సార్, దాని చీలిక ఫ్రేమ్ చీలికకి సరిగ్గా కలిపి పెట్టాలి. అయినా పొట్టిదానికి ఇదంతా ఎందుకు?" అని నవ్వాడు. నిజమే కదా. దాన్ని వెనక్కి పంపి 33.9 వ్యాసం, 600 పొడవున్న అల్యూమినియం పోస్ట్ కొన్నాను. ఫోల్డింగ్ సైకిళ్ల కంపెనీల్లో డాహోన్, టెర్న్ మోడళ్లలో చాలావాటికి 33.9, బ్రాంప్టన్‌కి 31.8. మీదేదైనా సరే, కొలిచాకే కొనండి. కొత్తదాని మీద గీత ఎక్కడుందో కూడా చూసుకోండి.

ఎత్తు పెట్టేటప్పుడు పెడల్ పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా ఉండాలి. అప్పుడు ముందుపాదంతో తొక్కితే మోకాలు కావలసినంతే వంగుతుంది. నాకు వారంలో నొప్పి పోయింది.

ఒక్క చిక్కు మిగిలింది. మడిచి పోస్ట్ పూర్తిగా దించితే దాని కింది కొస చక్రాల కంటే దిగువకి వచ్చి, సైకిల్ దాని మీద ఊగుతోంది. అందుకని 5 సెంటీమీటర్లు పైనే ఉంచి, అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టుకున్నాను. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఇబ్బంది లేదు గానీ, మా కారు డిక్కీ మాత్రం మూత పడట్లేదు. మీరు సైకిల్‌ని కారులో వేసుకుని భీమిలి వెళ్లే రకమైతే, ఆర్డర్ పెట్టేముందు డిక్కీ ఎత్తు కూడా ఓసారి కొలుచుకోండి.