అల్లుడికి ఉత్తరం: షాఫ్టు మీద టాలరెన్స్ రాసే ముందు

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన డ్రాయింగు చూశాను రా. గీత శుభ్రంగా ఉంది. కానీ షాఫ్టు మీద ప్రతి సైజుకీ టాలరెన్స్, అంటే సైజు అటూ ఇటూ అవ్వడానికి ఇచ్చే వీలు, ప్లస్ ఆర్ మైనస్ పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రాసేశావు, స్పానర్ పట్టే చోటుకి కూడా. ఆ అంకె కోసం టర్నర్ తంటాలు పడాలి, జాబ్, అంటే ఆ తయారయ్యే ముక్క, గ్రైండింగుకు వెళ్లాలి. ఇంతా చేసి బేరింగు కూర్చునే చోట నీ షాఫ్టు లూజు కావచ్చు. ఎలాగో చెప్తాను.

సైజు రాసే ముందు ఈ రెండు భాగాలు కలిశాక ఏం చెయ్యాలో తేల్చుకో. ఒకదానిలో ఒకటి తిరగాలా? చేత్తో తోస్తే కూర్చుని మళ్లీ ఊడి రావాలా? అసలు కదలకూడదా?

25 మి.మీ. బోరు, అంటే రంధ్రం, తీసుకో. టాలరెన్స్‌ని అక్షరం, అంకె కలిపిన కోడ్‌తో రాస్తాం: బోరుకి ఇంగ్లీషు పెద్ద అక్షరం, షాఫ్టుకి చిన్నది. పెద్ద హెచ్7 అంటే 25.000 నుంచి 25.021 వరకు. బోరును అలా ఉంచి షాఫ్టునే మారుస్తాం, ఎందుకంటే బోరును కచ్చితమైన సైజుకి తెచ్చే రీమరూ, దాన్ని చెక్ చేసే ప్లగ్ గేజీ ఒక్కో సైజుకి ఒక్కోటి కొనాలి, షాఫ్టునైతే గ్రైండింగులో కావలసినంతకి దించుకోవచ్చు. షాఫ్టుకు జి6 ఇస్తే 24.980 నుంచి 24.993. అంటే 7 నుంచి 41 మైక్రాన్ల సందు, నూనె ఉంటే హాయిగా తిరుగుతుంది. చిన్న హెచ్6 చేత్తో కూర్చుంటుంది. పి6కి ప్రెస్ కావాలి. అయితే పి6లో పట్టు ఒక్క మైక్రాన్‌కి కూడా పడిపోవచ్చు, అందుకే టార్క్ (తిప్పే బలం) మొయ్యాలంటే దాన్ని నమ్మకుండా కీ, అంటే రెండిటి మధ్య గాడిలో దిగే ముక్క, పెట్టు.

ఇక నీ 6205 బేరింగు, అంటే 25 మి.మీ. బోరున్న బాల్ బేరింగు. చాలామంది దాని బోరు కూడా హెచ్7 లాంటిదే అనుకుంటారు. కాదు. మామూలు క్లాసు బేరింగు బోరు 25 కంటే ఎక్కువ ఉండదు, 10 మైక్రాన్ల దాకా తక్కువ ఉండొచ్చు. నువ్వు రాసిన ప్రకారం షాఫ్టు 24.990కి వస్తే 10 మైక్రాన్ల సందు ఏర్పడుతుంది. షాఫ్టు తిరిగే చోట లోపలి రింగు అలా లూజుగా ఉంటే మెల్లగా జారుతూ షాఫ్టును అరగదీస్తుంది. కె6 రాయి: 25.002 నుంచి 25.015. అప్పుడు ఎప్పుడూ టైటే, 2 నుంచి 25 మైక్రాన్ల వరకు. భయంతో అంతకంటే టైట్ చెయ్యకు. లోపలి రింగు సాగి బాల్స్ దగ్గరుండే కాస్త ఖాళీ కూడా పోతుంది, బేరింగు వేడెక్కుతుంది. ఎక్కించేటప్పుడు 110 డిగ్రీలు దాటకుండా వేడి చెయ్యమని అసెంబ్లీ వాళ్లకి నోట్ రాయి. బయటి రింగు మీద సుత్తి దెబ్బ పడకూడదని గట్టిగా చెప్పు.

కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. మే నెలలో షెడ్డులో 40 ఉంటే 100 మి.మీ. స్టీలు 23 మైక్రాన్లు పెరుగుతుంది. జాబూ గేజీ రెండూ స్టీలే అయి ఒకే వేడిలో ఉంటే పరవాలేదు. నీ హౌసింగు, అంటే బేరింగు బయటి రింగు కూర్చునే భాగం, అల్యూమినియం, అది దాదాపు రెట్టింపు సాగుతుంది. మిషన్ మీంచి తీసిన వెంటనే కొలవనివ్వకు.

మిగతా సైజులన్నిటికీ ఐఎస్‌ఓ 2768 మీడియం (విడిగా టాలరెన్స్ రాయని సైజులకి వర్తించే స్టాండర్డు) అని ఒక్క మాట చాలు. 25 మి.మీ. సైజుకి అది ప్లస్ ఆర్ మైనస్ 0.2 ఇస్తుంది.

మార్చి పంపు. హౌసింగు బోరుకి ఏం రాశావో ముందు అది చూస్తాను.

నీ మామయ్య