ట్రైలర్ గేటు దగ్గర ఎందుకు ఆగుతోంది? అదే చదువుతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా చెన్నై తిరువొత్తియూరులో ఉంటున్నాం. నాకు రెండు ట్రైలర్లున్నాయి. పోర్టు నుంచి మాధవరం, మణలిలోని సీఎఫ్‌ఎస్‌లకు (కంటైనర్లలో సరుకు నింపే, దించే యార్డులు) కంటైనర్లు తోలుతాం. మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. బ్యాంకు పరీక్షలు రాయమంటే, మన బండ్లు పోర్టు గేటు దగ్గర ఎందుకు ఆగుతున్నాయో అదే చదువుతానంటోంది. పోర్టు నుంచి మదురవాయల్ దాకా కడుతున్న పైవంతెన పూర్తయితే ఆ సమస్యే ఉండదు కదా! ఇందులో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ముందు పైవంతెన సంగతి. 2009లో శంకుస్థాపన జరిగి, 2012లో ఆగిపోయి, 2022లో మళ్లీ శంకుస్థాపన చేసుకున్న దారి అది. పూర్తయితే మీ బండి గేటు దాకా తొందరగా వస్తుంది. గేటు దాటి తొందరగా లోపలికి పోతుందా అన్నది వేరే ప్రశ్న. మీ అమ్మాయి పట్టుకున్నది ఆ రెండోదాన్ని.

ఒక్కో లారీ కాగితాలు చూసి పంపడానికి గేటులో సగటున 3 నిమిషాలు పడుతుందనుకుందాం. లారీలు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, ఒకదానికి నిమిషం చాలితే ఇంకోదానికి పది పడుతుంది. అలాంటి గేటు తన శక్తిలో 80 శాతం పనిచేస్తుంటే వరుసలో నిలబడే సమయం సగటున 12 నిమిషాలు. 90 శాతానికి 27. 95 శాతానికి 57. లారీలు ఐదో వంతు కూడా పెరగలేదు, ఆగే సమయం మాత్రం దాదాపు ఐదింతలైంది! వరుసల్లో ఆగే సమయాన్ని లెక్కగట్టే క్యూయింగ్ థియరీలో మొదటి పాఠమిది, మీ అమ్మాయిని అడిగితే కాగితం మీద చేసి చూపిస్తుంది. లారీలు వచ్చే వేళలను కాస్త సర్దినా ఎంత లాభమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ సర్దడం తేలిక కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల్లో 2005 నుంచి పగటిపూట కంటైనర్లకు రుసుము వేసి, లారీలను రాత్రికి మళ్లించారు. రుసుము లేని వేళ కోసం సాయంత్రం లారీలు గేటు బయట బారులు తీరాయి. చివరికి 2018లో పగలూ రాత్రీ ఒకే రుసుము పెట్టి, లారీ ముందే వేళ ఖాయం చేసుకుని వచ్చే అపాయింట్‌మెంట్ల పద్ధతికి మారారు. డ్రైవరు ఎలా ఆలోచిస్తాడో తెలియకుండా లెక్క ఒక్కటే వేస్తే ఇలాగే అవుతుంది. మీ ఇంట్లో పెరిగిన పిల్లకు ఆ ఆలోచన పుట్టుకతో తెలుసు.

ఖాళీ తిరుగుడు కూడా ఉంది. శ్రీపెరంబుదూరులో దిగుమతి సరుకు దించిన కంటైనర్ ఖాళీగా యార్డుకొస్తుంది. పక్క ఫ్యాక్టరీ ఎగుమతికి మరో ఖాళీ కంటైనర్ యార్డు నుంచి వెళ్తుంది. మొదటిదాన్నే నేరుగా అక్కడికి పంపితే ఒక రాకా పోకా మిగులుతాయి. దానికి షిప్పింగ్ లైన్ ఒప్పుకోవాలి, సైజు కలవాలి, వేళ కుదరాలి, సొట్ట పడితే ఎవరి ఖర్చో ముందే తేలాలి. ఇవన్నీ కుదిర్చే మనిషికి మంచి విలువ ఉంటుంది. మీకు కిరాయి ట్రిప్పుకే గానీ ఆగిన గంటలకు కాదు కదా.

చదువు విషయానికొస్తే, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రధాన కేంద్రం చెన్నైలోనే ఉంది. అక్కడ పోర్టు, షిప్పింగ్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేయవచ్చు. లెక్కల మీద మక్కువ ఎక్కువైతే ఇలాంటి పనులను లెక్కలతో మెరుగుపరిచే ఆపరేషన్స్ రీసెర్చ్ వైపు వెళ్లమనండి. నన్నడిగితే మాత్రం డిగ్రీ కాగానే ఎంబీఏ వద్దు. ఒక ఏడాది సీఎఫ్‌ఎస్‌లోనో పోర్టులో కంటైనర్లు ఎక్కించి దించే టెర్మినల్ ప్లానింగ్ విభాగంలోనో పనిచేయాలి. మొదట్లో జీతం తక్కువే, రాత్రి షిఫ్టులుంటాయి. ఆడపిల్లలు ఈ రంగంలో ఇంకా తక్కువ కాబట్టి రాకపోకలకు బండి ఏర్పాటుందో లేదో చేరేముందే అడగాలి. పోర్టులో ఉద్యోగం గ్యారంటీ అని ముందే వేలకు వేలు కట్టించుకునే ఇన్‌స్టిట్యూట్ల జోలికి పోకండి.

బ్యాంకు పరీక్షలకు వయసు ఇంకా బోలెడుంది. ఈలోగా మీ రెండు బండ్ల గేటు స్లిప్పులు, జీపీఎస్ వివరాలు, ఫాస్టాగ్ మెసేజ్‌లు తన చేతికివ్వండి. యార్డు నుంచి బయల్దేరిన వేళ, వరుసలో చేరిన వేళ, లోపలికి పోయిన వేళ, బయటికొచ్చిన వేళ రోజూ ఎక్సెల్‌లో ఎక్కించమనండి. వరుసలో చేరిన వేళ ఏ స్లిప్పులోనూ ఉండదు. దాన్ని డ్రైవర్లకు ఫోన్ చేసి తనే అడిగి రాసుకోవాలి.