కోడిపిల్లల వేళ్లు ముడుచుకుపోతుంటే

రెండు వారాల పిల్లలు వేళ్లు లోపలికి ముడుచుకుని మోకాళ్ల మీద కూలబడుతున్నాయంటే, చాలావరకు విటమిన్ బి2 లోపమే. నూకలు, మక్కరవ్వ మాత్రమే పెడుతుంటే ఇలా అవుతుంది. ఆ రెండింటిలో బి2 చాలా తక్కువ.

1. ఈ రోజే చిక్ స్టార్టర్ (చిన్న కోడిపిల్లల కోసం అమ్మే) దాణాకు మారండి. కొద్దికొద్దిగా కొనండి, నిల్వ ఉన్నకొద్దీ విటమిన్లు తగ్గిపోతాయి.

2. తాగే నీళ్లలో బి-కాంప్లెక్స్ కలపండి, సీసా మీద రాసిన మోతాదులోనే.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నీళ్ల డబ్బా వాకిట్లో ఎండకు పెడతారు. బి2 వెలుతురు తగిలితే పాడైపోతుంది, మన వరంగల్ ఎండకు మందు కలిపినా కలపనట్టే. డబ్బా నీడలో పెట్టండి, రోజూ పొద్దున కొత్త నీళ్లు కలపండి, మిగిలినవి పారబోయండి. కూలబడిన పిల్ల డబ్బా దాకా పోలేదు, పాపం. దాన్ని విడిగా ఉంచి, ముక్కు కొసను నీళ్లలో తడిపి మీరే తాగించాలి. ఆలస్యం చేయకండి, కాలి నరాలు బాగా దెబ్బతింటే మళ్లీ కోలుకోవు.

3. మునగాకు, తోటకూర సన్నగా తరిగి వేయండి. ఉడికించిన కార్జం కొంచెం చిదిమి పెడితే ఇంకా మంచిది.

ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాచి పడిపోతే మాత్రం మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. అది విటమిన్లతో తగ్గదు, పశువుల దవాఖానలో చూపించండి.